ఆండీ రీడ్ నిజంగా గొప్ప కోచా, మహోమ్స్ దొరికిన అదృష్టవంతుడా?

బార్బెక్యూ బాబాయి:
నేను కేన్సస్ సిటీ పక్కన ఓవర్‌లాండ్ పార్కు ఊరికి వచ్చి పదకొండేళ్లయింది. వచ్చిన కొత్తలో ఆదివారం మధ్యాహ్నం రోడ్లన్నీ ఎందుకంత ఖాళీగా ఉంటాయో తెలిసేది కాదు. ఇప్పుడు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకోవాలన్నా పంతులుగారికి ఫోన్ చేసే ముందు చీఫ్స్ (మా కేన్సస్ సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) ఆట ఎన్నింటికో చూసుకుంటాం. సరే, విషయానికొస్తా. మా కోచ్ ఆండీ రీడ్, మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) మహోమ్స్. మొన్న షానీ గుడిలో భోజనాల లైన్లో ఒకాయన "మహోమ్స్ లేకపోతే ఆండీ రీడ్ పేరు ఎవరికి గుర్తుండేది సార్" అన్నాడు. చేతిలో పులిహోర ప్లేటు, వెనకాల యాభై మంది, గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. అప్పటి నుంచి మనసులో అదే నలుగుతోంది. మీరేమంటారు?

ఫ్రిస్కో రాజు:
ఆయనన్న దాంట్లో తప్పేముంది బాబాయ్. ఫిలడెల్ఫియాలో 14 ఏళ్లు, కప్పులు, అంటే సూపర్ బౌల్ ఫైనల్ గెలుపులు, సున్నా. కేన్సస్ సిటీలో మొదటి ఐదేళ్లు, కప్పులు సున్నా. తర్వాత 15 నంబర్ కుర్రాడు వచ్చాడు, మూడు కప్పులు. ఒకటో క్లాసు లెక్క ఇది.

పచ్చిమిర్చి:
డాలస్ కౌబాయ్స్ జట్టు వాళ్లు కప్పుల లెక్క చెప్పడం బాగుంది రాజుగారూ. మీ ఆఖరి కప్పు 1996 జనవరిలో కదా? అప్పటికి మా అమ్మానాన్నల పెళ్లి కూడా కాలేదు.

ఫ్రిస్కో రాజు:
పేరుకు తగ్గట్టే ఉన్నావమ్మా.

బెజవాడ చిన్నోడు:
అన్నా నేను ఇండియా నుంచి. అమెరికా క్లయింటు కాల్స్ వల్ల రాత్రంతా మెలకువే, అలా ఈ ఆట అలవాటైంది. రూల్స్ ఇంకా సగమే తెలుసు. ఒక డౌట్, ఏమీ అనుకోవద్దు. క్రికెట్లో కోచ్ బాల్కనీలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంటాడు, గ్రౌండ్లో కెప్టెన్ చూసుకుంటాడు. మరి ఇక్కడ కోచ్ మీద ఇంత గొడవ ఏంటి? ఆయన చేతిలో ఆ పెద్ద అట్ట ఏంటి, హోటల్ మెనూలా?

నోట్‌బుక్:
చిన్నోడూ, మంచి ప్రశ్న. ఆ అట్టే ఆయన ఆట మొత్తం. ఈ ఆటలో బంతి కదిలేది ఐదారు సెకన్లు, తర్వాత ఆగుతుంది, మళ్లీ మొదలవ్వాలి, ఆ మధ్యలో ప్లే క్లాక్ 40 సెకన్లు. ఆ కాస్త టైంలో తర్వాత ఏం చెయ్యాలో, ఎవరు ఎటు పరిగెత్తాలో, ఎవరు ఎవర్ని అడ్డుకోవాలో కోచ్ నిర్ణయించి మైకులో చెప్పాలి. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్లో స్పీకర్ ఉంటుంది, క్లాక్ 15 సెకన్లకు రాగానే అది ఆగిపోతుంది, ఇక ఆ తర్వాత వాడి బుర్ర వాడిదే. ఒక ఆటలో ఇలా అరవై డెబ్బై సార్లు. అట్ట మీద ఉండేవి ఆ వారం ప్రత్యర్థిని చూసి ఎంచుకున్న ప్లేలు, పరిస్థితిని బట్టి విడదీసి రాసుకుంటారు. రీడ్ నోటికి ఆ అట్ట అడ్డం పెట్టుకుని మాట్లాడతాడు చూడు, అవతలి వాళ్లు పెదాలు చూసి పసిగట్టకుండా. చాలా జట్లలో ప్లేలు పిలిచే పని ఇంకో కోచ్‌కి వదిలేస్తారు. రీడ్ మధ్యలో కొంతకాలం అసిస్టెంట్లకు ఇచ్చినా, ఎక్కువగా తనే పిలుస్తాడు. అంటే క్రికెట్ కెప్టెన్ చేసే పనిలో సగం ఇక్కడ కోచ్ చేతిలో ఉంటుంది.

బెజవాడ చిన్నోడు:
వామ్మో. ప్రతి బంతికీ ఫీల్డ్ సెట్ చేసినట్టన్నమాట.

నోట్‌బుక్:
ఇంచుమించు అంతే. ఇంకోటి, ఆయన వచ్చిన బడి ఏదో తెలిస్తే ఆట ఎందుకలా ఆడిస్తాడో తెలుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో బిల్ వాల్ష్ అని ఒక కోచ్ ఉండేవాడు. ఆయన పద్ధతి ఏంటంటే, ప్రతిసారీ పెద్ద షాట్ కొట్టనక్కర్లేదు, చిన్న చిన్న పాసులతో ఐదు గజాలు, ఆరు గజాలు లాగుతూ పోతే చాలు. మన భాషలో సింగిల్స్, డబుల్స్ తీస్తూ స్కోరు బోర్డు తిప్పడం. దానికి వెస్ట్ కోస్ట్ అఫెన్స్ అని పేరు. వాల్ష్ దగ్గర పనిచేసిన మైక్ హోమ్‌గ్రెన్ తర్వాత గ్రీన్ బేకి హెడ్ కోచ్‌గా వెళ్తూ రీడ్‌ని పిలిచాడు. వాళ్లిద్దరి పరిచయం 1982లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో. హోమ్‌గ్రెన్ అక్కడ క్వార్టర్‌బ్యాక్స్ కోచ్, రీడ్ అప్పుడే ఆట ముగించుకుని కుర్ర అసిస్టెంటుగా చేరాడు.

పచ్చిమిర్చి:
రీడ్ కూడా ఆడేవాడా? ఆ పర్సనాలిటీ చూసి అనుకున్నా.

నోట్‌బుక్:
కాలేజీలో అఫెన్సివ్ లైన్‌లో, అంటే క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసే వరసలో. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (ఈ ఆటకి పెద్ద లీగ్) ఎప్పుడూ ఆడలేదు. పుట్టింది 1958లో లాస్ ఏంజెల్స్‌లో. 13 ఏళ్లప్పుడు పిల్లల బంతి విసిరే పోటీలో టీవీలో కనిపించాడు, ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతుంటుంది. పక్కనున్న పిల్లలు వాడి నడుం దాకా కూడా రారు, ఎవరో తండ్రి పొరపాటున లైన్లో నిలబడ్డాడేమో అనిపిస్తుంది. ఒంటి మీద చొక్కా రామ్స్ జట్టు ప్లేయరుది, పిల్లల సైజు పట్టదు కదా మరి.

తర్వాత తొమ్మిదేళ్లు కాలేజీ జట్లు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్, నార్తర్న్ అరిజోనా, ఎల్ పాసో, మిస్సోరి. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో డబ్బుల్లేక ఫుట్‌బాల్ జట్టు ఖర్చుల కోసం హాట్ డాగ్‌లు అమ్మాడు. తిండి మీద ఆయన ప్రేమ గురించి అందరూ జోకులేస్తారు గానీ ఆ స్టాల్ సంగతి ఎవరూ చెప్పరు. 1992లో గ్రీన్ బే, 1996 సీజన్‌లో అక్కడ అసిస్టెంటుగా సూపర్ బౌల్ గెలిచాడు, 1997లో క్వార్టర్‌బ్యాక్స్ కోచ్ అయ్యాడు. 1999లో ఫిలడెల్ఫియా జట్టు ఈగల్స్ పిలిచి హెడ్ కోచ్ పదవి ఇచ్చారు, అప్పటికి ఆయన కనీసం కోఆర్డినేటర్ (హెడ్ కోచ్‌కి కింది మెట్టు) కూడా కాదు. మధ్యలో ఒక మెట్టు ఎగిరి దూకాడు.

ఎక్స్‌టన్ సుధ:
ఇక్కడి నుంచి నేను చెప్తాను, ఎందుకంటే ఆ పధ్నాలుగేళ్లలో పదేళ్లు ఆయన్ని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. 2003లో పెళ్లై ఫిలడెల్ఫియా దగ్గరికి వచ్చాను. మావారికి ఈగల్స్ పిచ్చి, నాకు ఆ ఇంట్లో టీవీ ఒక్కటే, కాబట్టి నేర్చుకున్నా. నేను రాకముందు సంగతి కూడా ఇక్కడ అందరూ కథలా చెప్తారు. 1999 డ్రాఫ్టులో (జట్లు వరస నంబర్ ప్రకారం కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే చోటు) రీడ్ మొదట తీసుకున్నది డోనోవన్ మెక్‌నాబ్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని. ఊళ్లో వాళ్లకి కావల్సింది రికీ విలియమ్స్ అనే రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. బస్సు వేసుకుని న్యూయార్క్ వెళ్లి మరీ ఆ కుర్రాడిని మొహం మీద "బూ" అన్నారు. మొదటి ఏడాది 5 గెలుపులు, 11 ఓటములు. రెండో ఏడాది అవే అంకెలు తిరగబడ్డాయి, 11-5. తిట్టినవాళ్లే చొక్కాలు కొనుక్కున్నారు.

తర్వాత మొదలైంది మా ఖర్మ. 2001, 2002, 2003, వరసగా మూడు సీజన్లు కాన్ఫరెన్స్ ఫైనల్ (సూపర్ బౌల్‌కి ముందు మెట్టు) దాకా వెళ్లడం, ఓడడం. పెళ్లి పీటల దాకా వచ్చి ముహూర్తం తప్పిపోయినట్టు. 2004 సీజన్‌లో గడప దాటారు, 2005 ఫిబ్రవరిలో జాక్సన్‌విల్‌లో సూపర్ బౌల్, పేట్రియట్స్ మీద. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 24-14 వెనకబడి ఉన్నాం, 5 నిమిషాల 40 సెకన్లు మిగిలాయి, రెండు సార్లు స్కోరు చెయ్యాలి. ఎవరైనా ఏం చేస్తారు? పరిగెత్తుతారు. మా వాళ్లు తీరిగ్గా గుంపు కట్టుకుని, మాట్లాడుకుని, నడుచుకుంటూ వచ్చి ఆడారు. మావారు సోఫా మీద నిలబడి "నడుస్తున్నార్రా, నడుస్తున్నార్రా" అని తెలుగులో అరుస్తున్నారు. గ్రెగ్ లూయిస్ టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించడం) కొట్టేసరికి 1:48 మాత్రమే మిగిలింది. 24-21 ఓడాం. క్లాక్ చూసుకోవడం రాని కోచ్ అన్న పేరు ఆ రోజే పడిపోయింది.

ఫ్రిస్కో రాజు:
సుధగారూ, మీరు నా వైపు వాదిస్తున్నారా, బాబాయి వైపా?

ఎక్స్‌టన్ సుధ:
నేను ఎవరి వైపూ కాదండీ, బాధ చెప్పుకుంటున్నా అంతే.

బార్బెక్యూ బాబాయి:
క్లాక్ జబ్బు ఇక్కడికి వచ్చాక కూడా తగ్గలేదు, ఒప్పుకుంటా. 2016 జనవరిలో మళ్లీ అదే పేట్రియట్స్, మళ్లీ రెండు స్కోర్లు వెనక, ఐదు నిమిషాలకు పైగా తినేసి టచ్‌డౌన్ కొట్టారు. 27-20 ఓటమి. అప్పటికి నాకు రూల్స్ కొత్త, అయినా ఏదో తప్పు జరుగుతోందని నాక్కూడా తెలుస్తోంది!

నోట్‌బుక్:
లెక్క కావాలంటే ఇదిగో. మహోమ్స్ లేకుండా రీడ్ ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ ఆటలు) రికార్డు 11 గెలుపులు, 13 ఓటములు. మహోమ్స్‌తో 2024 సీజన్ చివరి దాకా 17-4. రాజుగారు ఇది ఫ్రేము కట్టించుకోవచ్చు.

ఫ్రిస్కో రాజు:
కట్టిస్తా. హాల్లో పెడతా.

నోట్‌బుక్:
ఆగండి, ఫ్రేములో రెండో వైపు కూడా రాయించండి. ఫిలడెల్ఫియాలో 14 ఏళ్లలో 9 సార్లు ప్లేఆఫ్స్. కేన్సస్ సిటీ 2012లో 2-14, లీగ్ అట్టడుగు జట్లలో ఒకటి. 2013లో రీడ్ వచ్చి మొదటి 9 ఆటలు వరసగా గెలిపించాడు, సీజన్ 11-5. మహోమ్స్ ఆట మొదలయ్యే ముందు ఐదు సీజన్లు కలిపి 53-27. మహోమ్స్‌కి ముందు క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్‌ని శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన పెట్టేసింది, ఆ మనిషితో ఇన్ని గెలిచాడు. రెండు వేర్వేరు జట్లతో చెరో వందకు పైగా గెలిచిన కోచ్ ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో ఆయనొక్కడే. మొత్తం గెలుపుల్లో షూలా, బెలిచిక్, హాలాస్ తర్వాత నాలుగో వాడు.

పచ్చిమిర్చి:
కానీ 2013 సీజన్‌లో ఆ ఇండియనాపోలిస్ ప్లేఆఫ్? 38-10 ఆధిక్యంలో ఉండి 45-44 ఓడారు కదా. మా రూమ్మేట్ కేన్సస్ అమ్మాయి, వాళ్ల నాన్న ఆ ఆట పేరెత్తితే గదిలోంచి లేచి వెళ్లిపోతాడట.

బార్బెక్యూ బాబాయి:
అందుకే ఆ సంగతి నేను ఎత్తలేదు తల్లీ. నువ్వెత్తావ్.

ఫ్రిస్కో రాజు:
చూశారా, నేను చెప్పేది అదే. రెగ్యులర్ సీజన్‌లో బాగా చదివే పిల్లాడు, పబ్లిక్ పరీక్షలో పెన్ను పడిపోయే రకం. మహోమ్స్ వచ్చి పక్కన కూర్చుని చూపించాడు, పాసయ్యాడు.

నోట్‌బుక్:
కాపీ కొట్టాడంటారా, సరే. మరి ఆ పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకున్నది ఎవరు? 2016లో చీఫ్స్ 12-4. క్వార్టర్‌బ్యాక్ సమస్య ఏమీ లేదు. అయినా 2017 డ్రాఫ్టులో 27వ నంబర్ నుంచి 10కి ఎక్కడానికి బఫెలో జట్టుకి ఆ ఏడాది మూడో రౌండ్ పిక్ (ఎంచుకునే వంతు), మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిక్ కూడా ఇచ్చేశారు. చీఫ్స్‌లో మహోమ్స్ మీద ముందు నుంచి పట్టుబట్టిన బ్రెట్ వీచ్, ఈగల్స్ రోజుల్లో రీడ్ దగ్గర కుర్ర అసిస్టెంటు. సుధగారికి ఇంకో కారం ముద్ద, ఆ డ్రాఫ్టు జరిగింది ఫిలడెల్ఫియాలోనే. తెచ్చాక వెంటనే దింపలేదు, ఏడాదంతా స్మిత్ వెనకాల కూర్చోబెట్టాడు, ఒకే ఒక్క ఆట, ఆఖరిది ఆడించాడు. మరుసటి ఏడాది 50 టచ్‌డౌన్ పాసులు, లీగ్ ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు). పదో నంబర్ వరకు ఆ కుర్రాడు అందుబాటులోనే ఉన్నాడు రాజుగారూ, మిగతా జట్లు కూడా చూశాయి.

బార్బెక్యూ బాబాయి:
అదీ! ఇదే నాకు గుడి లైన్లో తట్టలేదు.

బెజవాడ చిన్నోడు:
అన్నా, ఆ గిర్రున తిరిగే ప్లే ఆయనదేనా? రీల్‌లో చూశా, నలుగురు ఒకేసారి బొంగరాల్లా తిరిగి నిలబడతారు.

నోట్‌బుక్:
అవును, 2020 ఫిబ్రవరి, మయామి సూపర్ బౌల్. నాలుగో డౌన్, అంటే పది గజాలు లాగడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది, ఒక గజం కావాలి. ఓడిపోతే పేపర్లన్నీ ఆ ఒక్క ప్లే మీదే రాసేవి. అది వాళ్లు కనిపెట్టింది కాదు, 1948 రోజ్ బౌల్‌లో మిచిగన్ యూనివర్సిటీ ఆడిన పాత ప్లే, డెబ్బై ఏళ్ల నాటి నలుపు తెలుపు ఫిల్ములోంచి తవ్వి తీశారు. నాకు రీడ్‌లో నచ్చేది ఇదే. అరవై దాటిన మనిషి అటక మీద ట్రంకు పెట్టెలోంచి తాతల నాటి జరీ పంచె తీసి, దులిపి, సూపర్ బౌల్‌కి కట్టుకొచ్చాడు. ఆ ఆటలో నాలుగో క్వార్టర్‌లో 20-10 వెనకబడి, మూడో డౌన్ 15 గజాలు కావల్సి ఉండగా టైరీక్ హిల్‌కి 44 గజాల పాస్, అక్కడి నుంచి 31-20. చీఫ్స్‌కి 50 ఏళ్ల తర్వాత కప్పు.

పచ్చిమిర్చి:
నాకు 2023 ఫైనల్ ఇంకా ఇష్టం (ఈగల్స్ మీద, సారీ సుధక్కా). ఒక ఆటగాడు లోపలికి పరిగెత్తుతున్నట్టు బయల్దేరి, బంతి కదిలే క్షణంలో వెనక్కి తిరిగిపోతాడు. వాడిని కాచుకోవాల్సిన డిఫెండర్ అవతలికి వెళ్లిపోయి ఉంటాడు. నాలుగో క్వార్టర్‌లో అదే మాయ కుడి వైపు ఒకసారి, ఎడం వైపు ఒకసారి. రెండుసార్లూ చుట్టుపక్కల మనిషి లేడు, తీరిగ్గా నడుచుకుంటూ వెళ్లి పెట్టొచ్చారు. ఆ ప్లే పేరు కార్న్ డాగ్. మళ్లీ తిండే! అక్కడ మహోమ్స్ మేజిక్ ఏముంది రాజుగారూ? నేను విసిరినా టచ్‌డౌనే.

ఎక్స్‌టన్ సుధ:
38-35. సారీ అక్కర్లేదులే తల్లీ, 2025 ఫిబ్రవరిలో 40-22తో బాకీ తీర్చుకున్నాం.

ఇంకా కడుపు మండే విషయం చెప్పనా, ఆ రోజు మా మీద గెలిచిన రీడ్ కోచింగ్ బృందంలో గ్రెగ్ లూయిస్ ఉన్నాడు. అదే, 2005లో 1:48 దగ్గర టచ్‌డౌన్ కొట్టినవాడు. ఆయన చుట్టూ మనుషులు అలా తిరుగుతూనే ఉంటారు. మాకు 2018లో మొదటి సూపర్ బౌల్ తెచ్చిన డగ్ పీడర్సన్ ఎవరు? 1999లో మెక్‌నాబ్ సిద్ధమయ్యేదాకా రీడ్ ఆడించిన క్వార్టర్‌బ్యాక్, తర్వాత ఆయన దగ్గరే కోచింగ్ నేర్చుకున్నాడు. బాల్టిమోర్‌కి కప్పు తెచ్చిన జాన్ హార్బా కూడా మా ఊళ్లో రీడ్ దగ్గర పనిచేసినవాడే. ఆయన మాకు కప్పు ఇవ్వలేదు, శిష్యుడి చేత పంపించాడు అనుకుంటాం.

ఫ్రిస్కో రాజు:
ఆట సంగతి వదిలి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. 2021లో ఫైనల్‌కి మూడు రోజుల ముందు ఆయన కొడుకు తాగి కారు నడిపి గుద్దాడు, ఐదేళ్ల పాపకి తలకి తీవ్రంగా దెబ్బ తగిలింది. ఆ కొడుకు అప్పుడు చీఫ్స్‌లోనే కోచ్, అంటే తండ్రి కిందే ఉద్యోగం. కోర్టు మూడేళ్ల శిక్ష వేస్తే 2024లో గవర్నర్ తగ్గించేసి ఇంటికి పంపించాడు. గొప్ప కోచ్, మంచి మనిషి అని అందరూ పొగుడుతుంటే నాకు ఆ పాపే గుర్తొస్తుంది.

బార్బెక్యూ బాబాయి:
దాని మీద నేను వాదించను రాజూ. ఈ ఊళ్లో చొక్కాలు వేసుకునే వాళ్లలో కూడా ఆ గవర్నర్ నిర్ణయం మింగుడుపడని వాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ ఒకణ్ణి. ఇద్దరు పిల్లల తండ్రిని.

ఎక్స్‌టన్ సుధ:
పెద్ద కొడుకు సంగతి కూడా ఉంది. గ్యారెట్. మత్తుమందుల అలవాటుతో ఏళ్ల తరబడి పోరాడి, 2012 ఆగస్టులో ఈగల్స్ ట్రైనింగ్ క్యాంపులోనే, తండ్రి పనిచేస్తున్న చోటే, హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు. రీడ్ కొన్ని రోజుల్లోనే మైదానానికి వచ్చేశాడు. అది ధైర్యమో, ఇంట్లో కూర్చోలేకపోవడమో నేను చెప్పలేను. ఆ సీజన్ 4-12, డిసెంబరు 31న తీసేశారు. వారం తిరక్కుండా కేన్సస్ సిటీలో చేరాడు.

ఆయన్ని తీసేసినప్పుడు నేను సంతోషించాను, అబద్ధమెందుకు. ఆ తర్వాత 2013 సెప్టెంబరులో గురువారం రాత్రి ఆట, రీడ్ ఎర్ర చొక్కాతో మా స్టేడియానికి వచ్చాడు. మావారి ఆఫీసులో ఎవరో ఇస్తే మాకు టికెట్లు దొరికాయి. ఫిలడెల్ఫియా జనం సంగతి మీకు తెలుసు, సాంటా క్లాజ్ వేషం వేసినవాడి మీద మంచు ముద్దలు విసిరిన ఊరు ఇది. పెద్ద తెర మీద ఆయన మొహం పడగానే నేను చెవులు మూసుకున్నా. స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మావారు కూడా. ఎనిమిదేళ్లు క్లాక్ గురించి తిట్టిన మనిషి! తర్వాత ఆట మొదలైంది, 26-16తో మమ్మల్ని ఓడించి వెళ్లిపోయాడు, మళ్లీ తిట్టుకుంటూ ఇంటికొచ్చాం.

పచ్చిమిర్చి:
సుధక్కా మీరు ఇలాంటివి ఇంకా రాయాలి.

ఫ్రిస్కో రాజు:
సరే, నా మాట కొంచెం సవరించుకుంటా. మహోమ్స్ లేకపోతే కప్పు రాదు, అది అలాగే ఉంచుతా. కానీ మహోమ్స్ వేరే జట్టుకి పోయి ఉంటే? మొదటి ఏడాదే దింపి, దెబ్బలు తినిపించి, మూడేళ్లకి కోచ్‌ని మార్చి, ఐదేళ్లకి కుర్రాడినే వదిలించుకునే జట్లు బోలెడు. మా పక్కింటి అమెరికా తాతగారు కూడా అదే అంటాడు. ఆయన కౌబాయ్స్ కథ 1960 నుంచి చెప్తాడు, మధ్యలో ఆపలేం.

బార్బెక్యూ బాబాయి:
అంటే వచ్చే ఆదివారం గుడిలో ఆయన కనపడితే ఏమనాలి నేను?

నోట్‌బుక్:
11-13 అని ముందు మీరే ఒప్పుకోండి, ఆయన దాచుకున్న ఆయుధం అదే. తర్వాత 27 నుంచి 10కి ఎక్కిన సంగతి అడగండి. క్లాక్ గురించి మాత్రం ఎత్తకండి, మన దగ్గర జవాబు లేదు.

బెజవాడ చిన్నోడు:
అన్నా లాస్ట్ డౌట్. సూపర్ బౌల్ మనకి సోమవారం పొద్దున్న ఐదింటికి వస్తుంది. ఆట ఎంతసేపు పడుతుంది? తొమ్మిదిన్నరకి ఆఫీసు మీటింగు.

బార్బెక్యూ బాబాయి:
మధ్యలో పాటల ప్రోగ్రామ్‌తో కలిపి మూడున్నర, నాలుగు గంటలు. 2024లో లాగా ఓవర్‌టైమ్‌కి పోతే ఇంకా ఎక్కువ, ఆ రోజు 25-22 అయ్యేసరికి మా ఇంట్లో రెండు వాయిల మిర్చి బజ్జీలు అయిపోయాయి. జ్వరం అని మెసేజ్ ముందే టైప్ చేసి పెట్టుకో.

ఎక్స్‌టన్ సుధ:
జ్వరం వద్దు చిన్నోడూ, నెట్ లేదని చెప్పు. జ్వరం అంటే సాయంత్రం వీడియో ఆన్ చెయ్యమంటారు, గొంతు చూస్తే అరిచావని తెలిసిపోతుంది.